మూడు కొటేషన్లు, ఒక సాక్ష్యం

మా ఆయన మస్కట్ పక్కన రుసైల్‌లో ప్లాస్టిక్ పైపులు చేసే ఫ్యాక్టరీలో స్టోర్స్ ఇన్‌ఛార్జి. అక్కడ మూడు కొటేషన్లు లేనిదే ఒక బోల్టు కూడా కొనరు. ముగ్గురు సప్లయర్ల వివరాలు, సరుకు ఎన్నాళ్లకు చేరుతుంది, వారంటీ ఎంత, అన్నీ ఒక పట్టికలో పక్కపక్కన పెట్టి, కింద సంతకం చేసి మేనేజరుకు పంపాలి. ఇరవై ఏళ్లుగా అదే పని చేసి చేసి ఆయన బుర్ర కూడా గడులు గడులుగా తయారైంది. బౌషర్‌లో మా అద్దె ఫ్లాట్‌కి వాషింగ్ మెషీన్ కొన్నప్పుడూ మూడు కొటేషన్లే. అవి వచ్చేదాకా నెలరోజులు నేను బాత్రూంలో కూర్చుని దుప్పట్లు ఉతికాను. కాబట్టి అమ్మాయి పన్నెండో తరగతిలోకి రాగానే దాని చదువుకి కూడా మూడు కొటేషన్లు తెప్పించారంటే నేను ఆశ్చర్యపోలేదు. ఒళ్లు మండింది, అంతే.

మొదటి గడిలో ఇండియాలో నీట్ రాసి ఎంబీబీఎస్. రెండో గడిలో ఏదో చలి దేశంలో ఆరేళ్ల కోర్సు. మూడో గడిలో అమెరికాలో డిగ్రీ, మెడిసిన్ రెండూ కలిపి ఏడేళ్లలో ముగించేది. అక్కడ మామూలుగా అయితే ముందు నాలుగేళ్ల డిగ్రీ చదవాలి. ఆ తర్వాత ప్రవేశ పరీక్ష రాసి, సీటొస్తే మరో నాలుగేళ్లు మెడిసిన్. ఈ కలిపిన కోర్సులో డిగ్రీని మూడేళ్లకు కుదించి, మెడిసిన్ సీటు పదిహేడేళ్ల పిల్ల చేతిలో ముందే పెట్టేస్తారు. మధ్యలో మళ్లీ పరీక్ష లేదు. మార్కులు మాత్రం వాళ్లు గీసిన గీత కిందికి దిగకూడదు. బయటి దేశాల పిల్లల్ని తీసుకునేవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయని కన్సల్టెన్సీ వాళ్లు ఒకటికి పదిసార్లు చెప్పారు. కష్టమైన వస్తువంటే మా ఆయనకి మోజు ఎక్కువ.

ఆ పట్టికని ఆయన ఫ్యాక్టరీ ప్రింటరు మీదే తీసి ఫ్రిజ్ తలుపుకి అంటించారు. 'లీడ్ టైమ్' అనే గడిలో ఐదున్నర, ఆరు, ఏడు అని ఏళ్లు. 'వారంటీ' గడిలో అమెరికా కింద 'సీటు గ్యారంటీ' అని రాసి రెండు గీతలు. చివర 'రిమార్క్స్'. అందులో ఒకచోట 'పోటీ', ఒకచోట 'చలి', మూడోచోట 'బాగుంది'.

"ఇదేంటండీ, పిల్లనా మనం కొంటన్నది?" అన్నాను పాల ప్యాకెట్ తీస్తూ.

"నీకు సిస్టమాటిక్‌గా ఆలోచించడం చేతకాదు. ఎనిమిదేళ్ల పని ఏడేళ్లలో అయిపోతంటే ఎవరన్నా కాదంటారా? ఒక ఏడాది మిగుల్తంది."

మిగిలిన ఆ ఒక్క ఏడాది మా ఇంట్లో నాలుగో మనిషై కూర్చుంది. ఎవరు ఫోన్ చేసినా ఆయన మొదట దాని గురించే చెప్పేవారు. ఆ ఏడాది ఎవరిది, దాంతో ఏం చేస్తారు అని మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. నా కారణం నాకుంది, అది తర్వాత చెబుతాను.

ఫీజుల సంగతి ఇక్కడ రాయను. దాని గురించి ఇంట్లో అనుకున్నదే చాలు.

నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. వచ్చి పద్దెనిమిదేళ్లు. ఈ కోర్సుకి దరఖాస్తు పెట్టాలంటే పిల్ల డాక్టరు పక్కన కూర్చుని కొన్ని గంటలు పని చూసినట్టు కాగితం కావాలట. ఆ కాగితం కోసం నేను ఎంతమందిని బతిమాలానో నాకే తెలుసు. చివరికి పిల్లల ఓపీలో ఒక పెద్ద డాక్టరమ్మ సరేనంది. నలభై గంటలు. మా అమ్మాయి బుద్ధిగా నోట్‌బుక్ పట్టుకుని వెళ్లింది, బుద్ధిగా వచ్చింది. ఆఖరి రోజు సాయంత్రం నేను డ్యూటీకి తయారవుతుంటే నా వెనక నిలబడి, "మమ్మీ, డాక్టర్ గారు చాలా బాగా చూస్తారు. నాకు నచ్చింది. కానీ..." అంది.

కింద హాస్పిటల్ వ్యాన్ హారన్ కొట్టింది. నేను బూట్లు వేసుకుంటూ, "నచ్చిందిగా, అదే రాయి" అనేసి దిగిపోయాను. ఆ 'కానీ' దగ్గర ఆగి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. వ్యాన్ డ్రైవరు రెండు నిమిషాలు ఆగితే కొంప మునిగిపోయేదా?

ఆ తర్వాత అంతా వ్యాసాలే. 'నేను డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నాను' అని పిల్ల రాయాలి. పిల్ల రాసింది కన్సల్టెన్సీ ఆయన మార్చాడు, ఆయన మార్చింది మా ఆయన మార్చారు. ఆఖరి కాపీ చదివితే అందులో మా అమ్మాయి నాలుగో ఏట నుంచే రోగుల సేవ కోసం తపిస్తోంది. నాలుగో ఏట అది తపించింది లిఫ్ట్ బటన్లన్నీ తనే నొక్కాలని. నాకు తెలియదా?

ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. వాళ్లకి పొద్దున్న, మాకు సాయంత్రం. ఫ్యాన్ చప్పుడు వినపడుతుందని మా ఆయన ఫ్యాన్ కట్టేశారు. ఏసీ చప్పుడు కూడా వినపడుతుందేమోనని అదీ కట్టేశారు. ఏప్రిల్ నెల మస్కట్‌లో తలుపులేసిన గదిలో పిల్ల బ్లేజర్ వేసుకుని ముప్పావుగంట మాట్లాడింది. బయటికొచ్చాక బ్లేజర్ పిండితే నీళ్లు కారేట్టున్నాయి.

రెండు వారాలకు, గురువారం నాడు, సీటొచ్చిందని మెయిల్ వచ్చింది. ఆ మెయిల్‌లో రెండు సంగతులున్నాయి. ఏడేళ్ల కలిపిన కోర్సులో సీటు ఇస్తున్నాం అని ఒకటి. అది వద్దనుకుంటే అదే యూనివర్సిటీలో మామూలు నాలుగేళ్ల డిగ్రీలో చేరొచ్చు, తర్వాత మెడిసిన్‌కి అందరిలాగే ప్రయత్నించుకోవచ్చు, సీటుకి హామీ లేదు అని రెండోది. ఏదో ఒకటి నెలాఖరులోగా పిల్ల తనే ఒప్పుకుని పంపాలి. మా ఆయన మొదటి పేరా చదివి మోకరించి స్తోత్రం చెప్పారు. రెండో పేరా ఆయన చదివినట్టు నాకు ఆధారాల్లేవు.

మర్నాడు శుక్రవారం. ఇక్కడ మా ఆరాధన శుక్రవారమే. ఒకే చర్చి కాంపౌండ్‌లో ఒక్కో భాషవాళ్లకీ ఒక్కో సమయం. మాకు ముందున్న మలయాళీలు హాలు ఖాళీ చేశాక మేము కుర్చీలు సర్దుకుని మొదలెడతాం. పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు చేసిన మేలు ఏదైనా ఉంటే ఎవరైనా లేచి చెప్పొచ్చు. మా ఆయన పద్దెనిమిదేళ్లలో ఒక్కసారే లేచారు, ఐదో ప్రయత్నంలో డ్రైవింగ్ లైసెన్సు వచ్చినప్పుడు. ఆ రోజు రెండోసారి లేచారు.

"ప్రైజ్ ద లార్డ్ అండి. మా పాపకి అమెరికాలో మెడిసిన్ సీటిచ్చేడండి దేవుడు. ఏడేళ్లలో డాక్టరు. మా ఇంటావంటా లేని మేలండి ఇది. మా పాప వెళ్తందండి. ఇదే నా సాక్ష్యం."

వందమంది చప్పట్లు కొట్టారు. పాడేవాళ్ల వరసలో నిలబడ్డ మా అమ్మాయి పాటల పుస్తకం వైపు చూస్తూ ఉండిపోయింది. నేను ఆయన లాల్చీ అంచు పట్టుకుని లాగాను కానీ అప్పటికే ఆలస్యమైంది. పాస్టరు అయ్యగారు పిల్లని ముందుకు పిలిచి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. వచ్చే నెల మొదటి శుక్రవారం కృతజ్ఞత భోజనం అని మైకులో చెప్పేశారు కూడా.

ఇక మొదలైంది. మా ఆసుపత్రిలోనే ల్యాబ్‌లో పనిచేసే మా సంఘం సిస్టర్ ఒకావిడ స్టెతస్కోపు కొనుక్కొచ్చి ఇచ్చింది. తణుకు నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసి తన మోకాళ్ల నొప్పులన్నీ పిల్లకే చెప్పుకుంది. లిఫ్ట్‌లో కనపడిన ప్రతివాళ్లూ ఒకటే మాట, "ఏడేళ్లేనంట కదక్కా, భలే!" పచారీ సరుకులు కట్టే అబ్బాయికి కూడా తెలిసిపోయింది. నాకు నవ్వీ నవ్వీ దవడలు నొప్పెట్టాయి. మా అమ్మాయి మాత్రం ఆ వారమంతా కిటికీ గట్టు మీదున్న రాళ్లు తుడుస్తూ గడిపింది.

ఆ రాళ్ల గురించి చెప్పాలి. రెండేళ్ల కిందట ఇబ్రిలో ఉన్న మావాళ్లింట్లో ప్రార్థన కూడిక ఉంటే కారులో వెళ్లాం. దారిలో ఒకచోట కొండ నల్లగా, పక్కనే ఆకుపచ్చగా, మళ్లీ ఎర్రగా ఉంది. మా అమ్మాయి కారు ఆపమని ఒకటే గోల. దిగి, ఎండలో అరగంట తిరిగి, ఒడినిండా రాళ్లు తెచ్చింది. ఈ కొండలు ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేవి మమ్మీ, మన బౌషర్ కొండలు కూడా, అంది. కూడికకి ఆలస్యమైందని నేను తిట్టాను. అప్పట్నుంచి ఎక్కడికెళ్లినా రాయి. కిటికీ గట్టు నిండింది, షూ రాకు పైన నిండింది. దుమ్ము తుడిచే ప్రతిసారీ నాకు విసుగే.

నెలాఖరుకి ఆరు రోజులుందనగా, సాయంత్రం బెండకాయలు కోస్తూ, "ఆ మెయిల్‌కి ఒప్పుకున్నట్టు పంపేవా లేదా?" అని అడిగాను.

"లేదు మమ్మీ."

"ఏం? చెయ్యి నెప్పా?"

అది లోపలికెళ్లి ఒక కాగితం తెచ్చి బెండకాయల పక్కన పెట్టింది. ఏడేళ్ల కోర్సులో మొదటి మూడేళ్లకీ వాళ్లు ముందే వేసిపెట్టిన టైమ్‌టేబుల్. వేసవి సెలవుల్లో కూడా క్లాసులే. రంగు పెన్సిలుతో ఒక్కో గడీ నింపుకుంటూ వచ్చింది. ఎక్కడా ఒక్క తెల్ల గడి లేదు.

"చూసేవా? ఒక్క ఖాళీ గడి కూడా లేదు. నాలుగేళ్ల దాంట్లో అయితే వేరే సబ్జెక్టులు కూడా తీసుకోవచ్చు. అక్కడ రాళ్ల డిపార్ట్‌మెంట్ ఉంది. ఒక్క కోర్సు చదివి చూడాలని ఉంది మమ్మీ."

"రాళ్లు చూడ్డానికి అమెరికా ఎందుకే? బౌషర్ కొండలు చాలవా?"

"నేను డాక్టర్ వద్దు అనట్లేదు. అవుతానేమో కూడా. నాకు తెలీదు. ఇప్పుడే తెలిసినట్టు సంతకం పెట్టమంటన్నారు."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా! ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"ఎవరడిగేరు?" అంది.

కోపంతో అనలేదు. నిజంగానే ఎవరైనా అడిగారేమో గుర్తు తెచ్చుకుంటున్నట్టు అంది. నాకు చటుక్కున వ్యాన్ హారన్ గుర్తొచ్చింది. కత్తిపీట పక్కన పెట్టేశాను. ఆ రోజు కూర లేదు, పచ్చడితో సరిపెట్టుకున్నాం.

ఆయన ఫ్యాక్టరీ నుంచి రాగానే చెప్పాను. ఫ్రిజ్ మీది పట్టిక వైపు చూసి, రాళ్లకి అందులో గడి లేదన్నట్టు నిలబడ్డారు. తర్వాత అసలు సంగతి బయటికొచ్చింది.

"ఏ కోర్సయితే ఏంటిలే అనుకుందావన్నా, సాక్ష్యం చెప్పేసేను కదే. దేవుడి ముందర, సంఘం ముందర. 'మా పాప వెళ్తంది' అన్నాను. సాక్ష్యం వెనక్కి తీసుకున్నోణ్ణి ఎక్కడన్నా చూసేవా? ఖలాస్. ఇంక మాట్లాడ్డానికేం లేదు."

"అంటే మీరు లేచి చెప్పేసేరు కాబట్టి పిల్ల ఏడేళ్లు చదవాలా?"

"భోజనానికి బిర్యానీ కూడా చెప్పేసేను."

పద్దెనిమిదేళ్ల కాపురంలో నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. వాషింగ్ మెషీన్ అప్పుడు కూడా రాలేదు. వచ్చిన కోపాన్ని ఏం చెయ్యాలో తెలియక, నాకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతి చెప్పాను.

"మా వార్డులో పేషెంటు చార్టులో తప్పు రాస్తే చెరపనివ్వరండి. వైట్నర్ పెట్టనివ్వరు, పేజీ చింపనివ్వరు. తప్పు మీద ఒకే ఒక్క గీత కొట్టాలి, కింద ఏం రాసుందో కనపడాలి. పక్కన సరైంది రాసి, డేటేసి, సంతకం పెట్టాలి. ఎవరు రాసేరో ఆళ్లే కొట్టాలి. నేను రాసిన తప్పు ఇంకో నర్సు కొట్టకూడదు. మీ సాక్ష్యం దేవుడు చేసిన మేలు వరకూ కరెక్టే. 'వెళ్తంది' అన్నది మీ సొంతం. అది మీరే కొట్టాలి."

"అందరి ముందరా?"

"రాసింది అందరి ముందరే కదా."

ఆయన నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. టిఫిన్ డబ్బా తీసుకోవడం, ఖాళీ డబ్బా సింకులో పెట్టడం. మా అమ్మాయి ఇద్దరి మధ్యా పిల్లిలా తిరిగింది. ఐదోరోజు సాయంత్రం ఆయన దాని గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికేశారు. లోపల గంటసేపు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆయన ఏదో అడగడం, అది చెప్పడం మాత్రం వినపడింది. బయటికొచ్చేటప్పుడు ఆయన చేతిలో ఒక ఆకుపచ్చ రాయి ఉంది. దాన్ని డైనింగ్ టేబుల్ మీద పెట్టి, దాని వైపు చూస్తూ అన్నం తిన్నారు. మర్నాడు నెలాఖరు. అమ్మాయి నాలుగేళ్ల డిగ్రీకి ఒప్పుకుంటున్నట్టు పంపింది. బటన్ నొక్కేటప్పుడు ఆయన పక్కనే నిలబడ్డారు, పెదవులు బిగించి.

ఇక నా కారణం చెప్పాలి. ఇన్ని పేజీలుగా ఆయన్ని ఆడిపోసుకుంటున్నాను కాబట్టి న్యాయంగా ఇదీ రాయాలి. ఆసుపత్రిలో నా లాకరు తలుపు లోపలివైపు ఒక చిన్న కాగితం అంటించి ఉంది. దాని మీద నా చేత్తో మూడు అంకెలు: ఇప్పటి నా వయసు, కోర్సు ఏళ్లు, రెండూ కలిపిన మొత్తం. నలభై ఏడు, ఏడు, యాభై నాలుగు. నా కాంట్రాక్టు రెండేళ్లకోసారి పొడిగిస్తారు. ఇప్పుడు ఈ దేశపు పిల్లలే నర్సింగ్ చదివి వస్తున్నారు. మంచిదే, ముగ్గురికి నేనే పని నేర్పాను. యాభై నాలుగు దాకా నన్ను ఉండనిస్తారేమో, యాభై ఐదు మాత్రం కష్టం అని నా లెక్క. పిల్ల డాక్టరయిన రోజు నేను డ్యూటీలోనే ఉండాలి, యూనిఫాంలోనే ఆ ఫోన్ ఎత్తాలి, వార్డులో ఎవరో ఒక డాక్టరుకి ఆ మాట చెప్పాలి. అదీ నా కోరిక. మిగిలిన ఏడాది నాకే కావాలి. అందుకే ఎవరిదని అడగలేదు.

మొదటి శుక్రవారం వచ్చింది. హాలు వెనక బిర్యానీ డేగిశాలు వచ్చేశాయి, వాసన లోపలిదాకా వస్తోంది. పాటలయ్యాక అయ్యగారు సాక్ష్యాలు అన్నారు. ఆయన లేస్తారని నాకు నమ్మకం లేదు. ఆయన లేచారు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశారు. ఫ్రిజ్ మీది పట్టికే, వెనకవైపు రాసుకున్నారు.

"ప్రైజ్ ద లార్డ్ అండి. పోయిన నెల నేనిక్కడ చెప్పిన సాక్ష్యంలో ఒక తప్పుందండి. సీటు ఇచ్చేడు దేవుడు, అది నిజవేనండి. 'మా పాప వెళ్తంది' అన్నాను. పాపని అడక్కుండా అన్నానండి. పాప ఆ ఏడేళ్ల కోర్సు తీసుకోలేదు. మామూలు డిగ్రీలో చేరతంది. డాక్టరవుద్దో లేదో తెలీదండి. పాపక్కూడా తెలీదు. తెలుసుకుంటానంది. ఆ తప్పు నాదండి."

ఆయన కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలూ పెట్టి జేబులో పెట్టుకుని కూర్చున్నారు. హాల్లో చప్పట్లు లేవు. వెనకనుంచి ఎవరో ముసలాయన అలవాటుగా "స్తోత్రం" అన్నాడు. పాడేవాళ్ల వరసలోంచి మా అమ్మాయి నేరుగా వాళ్ల డాడీ వైపు చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది, ఆయన మీద కోపం పోకుండానే వచ్చింది.

భోజనాల దగ్గర స్టెతస్కోపు ఇచ్చిన సిస్టర్ ప్లేటు పట్టుకుని నా పక్కకి చేరింది.

"అయితే అక్కా, ఇప్పుడు మొత్తం ఎన్నేళ్లంట?"

నాకు మళ్లీ ఒళ్లు మండింది. ఇంతసేపూ ఆ మనిషి నిలబడి చెప్పింది ఏం విన్నట్టు? "తెలీదమ్మా" అన్నాను. ఆ మాట అనడం ఈ గొడవంతటిలో నాకదే మొదటిసారి. ఆవిడ నన్ను జాలిగా చూసి, రైతా వేసుకోడానికి వెళ్లింది.

ఆదివారం పొద్దున్న డ్యూటీకి వెళ్లి లాకరు తీశాను. ఆ కాగితాన్ని పీకెయ్యాలనిపించింది కానీ పీకలేదు. పెన్ను తీసి మూడు అంకెల మీదుగా ఒకే ఒక్క గీత కొట్టాను, కింద ఏముందో కనపడేట్టు. తేదీ వేశాను, సంతకం పెట్టాను. పక్కన సరైంది రాయాలన్నది రూలు. అది రాయాల్సింది నేను కాదు. లాకరు మూసి వార్డులోకి వెళ్లాను.